పద్నాలుగో ఐటం

ఏన్కూరులో మండలాఫీసు ఎదురుగా నాకొక జిరాక్సు దుకాణం ఉంది. ఎవరి కాగితమైనా రూపాయికి కాపీ తీసిస్తాను. తీసేటప్పుడు చదవకూడదంటారు. చదవకుండా ఉండడానికి నేనేమీ దేవదూతను కాను. ఎవరి భూమికి ఎవరు సాక్షి సంతకం పెట్టారో, ఎవరి దరఖాస్తు ఎన్నిసార్లు వాపసు వచ్చిందో అన్నీ నాకు తెలుసు. వర్క్ ఇన్‌స్పెక్టర్ సవరయ్య సారు తన ఇల్లు బాగుచేయించుకున్న వైనం కూడా నాకు అలాగే, కాగితం వెనక కాగితంగా తెలిసింది.

సవరయ్య సారుది సర్కారు ఇళ్ళ పథకంలో ఉద్యోగం. పేదవాళ్ళకు మంజూరైన ఇళ్ళకు అంచనాలు రాయాలి, టేపు పట్టి కొలవాలి, పునాదికి ఇంత, కిటికీల పైదాకా వస్తే ఇంత, కప్పు పడితే ఇంత అని బిల్లులు రాయాలి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో తన అంచనా ఒక్కటి కూడా తప్పలేదని ఆయన చెప్పుకునేవాడు. అది నిజమే. తప్పింది ఎప్పుడూ ఇళ్ళే. డబ్బు చాలక సగంలో ఆగిన ఇల్లు కనిపిస్తే ఇంటివాళ్ళను తిట్టేవాడు గానీ అంచనాను ఏనాడూ అనుమానించలేదు. లంచం మాత్రం ముట్టడు. ఆ సంగతి కనపడ్డ ప్రతివాడికీ తనే చెప్పేవాడు. ముట్టినా బాగుండు, పనన్నా అయ్యేదని తండాల్లో జనం లోలోపల ఏడ్చేవాళ్ళు.

ఆయనకు బైబిలు ఒకటి, రేట్ల పుస్తకం ఒకటి. సిమెంటు బస్తా ఇంత, మేస్త్రీ రోజుకూలి ఇంత అని సర్కారు అచ్చువేసే పుస్తకం అది. ఆయన దగ్గరున్నది 2001 నాటిది. కొత్తవి రాలేదా అంటే వచ్చాయి. కానీ పాతది ఆయనకు కంఠతా వచ్చు. ఎర్ర గుడ్డతో అట్టకూడా వేయించుకున్నాడు.

ఆ పుస్తకం దెబ్బ బాగా తగిలినవాళ్ళలో పై తండా లాలి ఒకతె. ఆమె భర్త రామ్‌చందర్ తాపీమేస్త్రీ. 2002లో వాళ్ళకు ఇల్లు మంజూరైంది. ఊరందరి ఇళ్ళు కట్టే మనిషికే సవరయ్య రాసిన డబ్బు చాలలేదు. ముందు గదికి కప్పు పడింది, వెనక వంటింటి గోడలు కిటికీల పైదాకా వచ్చి ఆగిపోయాయి. ఇక లాలి ముందు గదిలోనే పొయ్యి పెట్టుకుంది. సవరయ్య తనిఖీకి వెళ్ళి, అక్కడ ఉడుకుతున్న అన్నం చూసి, రిపోర్టు రాసుకొచ్చాడు. “ముందు గదిలో వంట చేయుచున్నారు. ఇది ప్లానుకు విరుద్ధము. తుది బిల్లు రూ. 3,500 నిలిపివేయడమైనది.” మూడు కాపీలు నేనే తీశాను.

లాలి నా దుకాణం ముందే ఆయన్ను అడ్డుకుంది.

“సార్, వంటింటికి పైసలే సరిపోలే. ముందటర్రల వండుకోకుంటే చెట్టు కింద వండుకోవాల్నా?”

“ఎస్టిమేట్ ప్రకారం కట్టుకోకుంటే నేనేం జేయాలె? నీ చెయ్యి దుబారా చెయ్యి లాలీ. పో.”

ఆయనతోపాటు అప్పుడు నేను కూడా నవ్వాను. మూడు రూపాయలు వచ్చాయి కదా.

అయిదేళ్ళు గడిచాయి. 2007 వేసవిలో సవరయ్య ఇంటి మీదికి కోతులు వచ్చాయి. అడవిలో తినడానికేమీ మిగలక ఊళ్ళమీద పడ్డ గుంపు అది. పెంకులు ఊడబీకి, కింద ఏముందో చూసి, నచ్చకపోతే అవతల పారేసేవి. ఆ ఇంటి వెనక వంటింటికి పదిరోజుల్లో పెంకులకన్నా కంతలు ఎక్కువయ్యాయి. ఆయన భార్య అంతోనమ్మ, నేను అక్క అని పిలుస్తాను, చర్చి హాస్టల్లో వంటమనిషి. అక్కడ అరవైమంది ఆడపిల్లలకు మంచి కప్పు కింద వండి, ఇంటికొచ్చి ఇద్దరికి ఆకాశం కింద వండేది. అంతకుముందు కూడా ఆ వంటింటి కప్పు ఏ వానాకాలమూ కారకుండా ఉండలేదు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆమె మొగుణ్ణి అడిగిన ఆస్తి ఆ ఒక్క వంటింటి కప్పు.

“మిరుగు లోపల, వానలు పడకముందే వంటిల్లు లేపియ్యి. నాకు ఇంకేం వద్దు,” అంది.

సవరయ్య పీఎఫ్ నుంచి లక్ష రూపాయల లోను పెట్టాడు. మంజూరైంది. అంతోనమ్మ అక్క వైరాలో సిమెంటు దుకాణం వెంకటరామారావు దగ్గరికి వెళ్ళి రేట్లు కనుక్కుంది, రామ్‌చందర్‌ను పిలిచి గోడలు చూపించింది, చర్చి క్యాలెండరు చింపిన కాగితం వెనక నాలుగు వరుసలు రాసింది. వంటిల్లు కప్పుతో సహా యాభై రెండు వేలు. ముందు గదుల పెంకులు సర్దడానికి పదిహేను వేలు. మిగిలిన ముప్పై మూడు వేలు ముట్టుకోకూడదు.

“ముప్పై మూడు వేలు దేనికి? దానికి ఐటం ఏది?” అని సవరయ్య నా దుకాణంలోనే నిలబడి నవ్వాడు.

“విప్పినంక తెలుస్తది,” అంది అక్క. “అరవైమందికి వండుమంటే నేను డెబ్బయిమందికి బియ్యం పోస్త. ఎవరొస్తరో నాకు తెల్వదు. ఎవరో ఒకరొస్తరని మాత్రం తెలుసు.”

“పేరు లేని పైసలు ఎస్టిమేట్ల ఉండయి. అది హాస్టల్ వంట కాదు, సివిల్ వర్కు.”

ఆయన రాసిన అంచనా ఏడు పేజీలు. మొత్తం తొంభై ఆరు వేల నాలుగు వందలు. ఆ డబ్బులో ముందు హాలుకు స్లాబు, వసారాకు రెండు గుండ్రటి స్తంభాలు, ఇనుప గ్రిల్లు, నున్నటి బండల నేల, గేటు, గేటు పక్కన పేరు చెక్కిన నల్లరాయి అన్నీ వచ్చేస్తున్నాయి. చివరి పేజీలో చివరిది పద్నాలుగో ఐటం. వంటిల్లు, పదడుగులు ఎనిమిదడుగులు, స్లాబుతో సహా, పద్దెనిమిది వేల రెండు వందలు. ఊహించని ఖర్చులకు నూటికి రెండున్నర.

“సార్, గీ సిమెంటు రేటు నూటపన్నెండు రాసిన్రు. వైరాల రెండువందల పదిహేను ఉంది,” అన్నాను నేను, చదివిన సంగతి దాచుకోలేక.

“అది దొంగరేటు బెంజమిన్. మనం సర్కారు రేటు రాయాలె.”

“రాసుడు సరే. కొనుడెక్కడ?”

ఆయన నావైపు జాలిగా చూసి, ఏడు పేజీలూ పిన్ను కొట్టించుకుని వెళ్ళాడు.

పని రామ్‌చందర్‌కే ఇచ్చాడు. కాకపోతే ఒక షరతు. కూలి రేట్ల పుస్తకం ప్రకారమే. రామ్‌చందర్ లేచి వెళ్ళిపోబోతే లాలి చెయ్యిపట్టి కూర్చోబెట్టింది. “సరే సార్. నీ పుస్తకం ప్రకారమే చేస్తం. పుస్తకం ఎంతవరకంటే గంతవరకు,” అంది. తండా వాళ్ళకు ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందని సవరయ్య మురిసిపోయాడు.

ఆయన అంచనాలో ఒకటో ఐటం పాతవి కూల్చి స్థలం శుభ్రం చేయడం. ఒకటో ఐటం పూర్తికాకుండా రెండోది మొదలుపెట్టడం నిబంధనలకు విరుద్ధం. అందుకని, చివర కట్టబోయే వంటింటిని కూడా మొదటిరోజే కూల్పించాడు. ఆ కంతల కప్పు వంటిల్లయినా ఉండనివ్వమని అంతోనమ్మ అక్క బతిమాలుకుంది. ఆమె గిన్నెలు, పోపుడబ్బా, గ్యాసు పొయ్యి పెరట్లో ఒక నీలిరంగు పట్టా కిందికి చేరాయి.

ముందు హాలు విప్పగానే దూలాలన్నీ చెదలు తిన్నవని తేలింది. గోడలు మట్టితో పేర్చినవి. వాటి మీద స్లాబు వేస్తే స్లాబూ గోడలూ కలిసి కిందికొస్తాయన్నాడు రామ్‌చందర్. నాలుగు మూలలా పిల్లర్లు లేపాలి. సవరయ్య వారం రోజులు నెత్తి పట్టుకుని, సవరించిన అంచనా రాసుకొచ్చాడు. నేను కాపీ తీస్తూ చివరి పేజీ చూశాను. వంటింటికి స్లాబు పోయి రేకులు వచ్చాయి.

మళ్ళీ పదిరోజులకు ఇంకోటి. ఈసారి సిమెంటు దెబ్బ. వెంకటరామారావు ఆ ఎర్ర అట్ట పుస్తకం తిరగేసి, “సార్, గీ రేటుకు సిమెంటు అమ్మినవాణ్ణి చూపియ్యిన్రి, నేనే పోయి కొంట,” అని చేతులు జోడించాడట. అయినా సవరయ్య కాగితంలో నూటపన్నెండు నూటపన్నెండుగానే ఉంది. రేటు మార్చే అధికారం తనకు లేదట. పరిమాణం మార్చే అధికారం ఉందట. అందుకని పదడుగుల వంటిల్లు ఏడడుగులయింది, ఎనిమిదడుగుల వెడల్పు ఆరయింది, రేకులు ఎగిరిపోయాయి. “గోడలు మాత్రమే” అని రాసి కింద సంతకం పెట్టాడు.

“సార్, ఆ పేరురాయి తీసెయ్యొచ్చు కదా? స్తంభాలు మామూలువి పెట్టుకోవచ్చు కదా?” అన్నాను.

“అవి మూడో పేజీల ఉన్నయి. మధ్యల ఐటం కొట్టేస్తే నంబర్లన్నీ మారుతయి, పేజీలన్నీ మళ్ళ రాయాలె. చివరిదైతే గీత పెడితే సరిపోతది.”

ఈ మాట ఆయన సీరియస్‌గానే అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ మండలంలో ఎన్ని వంటిళ్ళు అలా చివరి పేజీలో ఉండి పోయాయో అప్పుడు నాకు అర్థమయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు కాపీకి రెండు రూపాయలు తీసుకున్నాను.

స్లాబు వేసే రోజు వచ్చింది. మా వైపు స్లాబు పడితే పనివాళ్ళకు మాంసంతో భోజనం పెట్టాలి. పెట్టకపోతే ఆ ఇంటి యజమాని మొహం ఊళ్ళో ఎవరూ చూడరు. సవరయ్య పుస్తకంలో కాంక్రీటుకు కంకర ఉంది, ఇసుక ఉంది, నీళ్ళు కూడా ఉన్నాయి. మాంసం లేదు. పప్పుచారు చాలన్నాడు. అంతోనమ్మ అక్క ఏమీ అనకుండా తను పెంచుకున్న నాలుగు నాటుకోళ్ళు కోసి, ఆ పట్టా కింద కూర్చుని ఇరవై ఇద్దరికి వండింది. పదహారుమందే వస్తారనుకున్నాడు సవరయ్య, అంతకన్నా ఎక్కువే వచ్చారు. ఆమె ఇరవై ఇద్దరికి వండింది కాబట్టి ఆయనకూ దక్కింది.

మే చివరివారంలో ఆమె నా దుకాణానికి వచ్చింది. ఆయన పొద్దున ఇచ్చివెళ్ళిన మూడో సవరణ బల్లమీదే ఉంది. దాచుదామనుకునే లోపు చేతిలోకి తీసుకుంది. పద్నాలుగో ఐటం మీద స్కేలుతో గీసిన ఎర్రగీత. పక్కన “తదుపరి నిధులు లభించినప్పుడు”. ఆమె ఆ గీతను చాలాసేపు చూసింది. కళ్ళు నిండాయి గానీ కారనివ్వలేదు.

“తమ్మీ, ఇరవై నాలుగేండ్లు. ఆ మనిషి ఇంట్ల నేను చివరి పేజీల ఉన్ననన్నట్టు,” అంది.

ఒక కాపీ తీసివ్వమంది. డబ్బులు వద్దన్నాను. రూపాయి బల్లమీద పెట్టి వెళ్ళింది.

ఎర్రగీత పడేనాటికి వంటింటి గోడలు కిటికీల పైదాకా వచ్చి ఉన్నాయి. రామ్‌చందర్ తాపీ కడుక్కున్నాడు. కూలీలు గమేళాలు బోర్లించారు. సవరయ్య టేపు పట్టుకుని వచ్చి, గీత పడేలోపు ఇచ్చిన కూలికి గోడలన్నా పూర్తికావాలి కదా, పని ఎందుకు ఆపారని గద్దించాడు. మాట్లాడింది లాలి.

“పుస్తకం ప్రకారం ఇచ్చిన కూలి అయిపోయింది సార్. నీ రేటుకు ఇల్లు గిక్కడిదాంకనే వస్తది. నాకు తెలుసు. నాది గూడ గిక్కడనే ఆగింది.”

సవరయ్య మొండిగోడను కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. లాలి చెప్పింది నిజమేనని టేపు కూడా అంది. ఆయన టేపు చుట్టుకుని లోపలికి వెళ్ళి, హాల్లో కొత్త నేల మీద తన బల్ల వేయించుకుని, ఫైళ్ళు సర్దుకున్నాడు. ఎదురుగోడకు యేసు తిరుహృదయ పటం, దాని కింద ఎర్రబల్బు. తిరుహృదయ పండుగ శుక్రవారం ఫాదర్‌గారిని పిలిచి గృహ ఆశీర్వాదం పెట్టుకుందామని, ఆఫీసువాళ్ళనూ పిలుద్దామని నిశ్చయించాడు. వంటింటి సంగతి అడిగితే “నిధులు రానీ” అన్నాడు.

పండుగకు రెండురోజుల ముందు వాన వచ్చింది. మామూలు వాన కాదు, అడవి వైపునుంచి గాలితోసహా వచ్చింది. సవరయ్య ఖమ్మంలో మీటింగుకు పోయాడు. పట్టా ఎగిరి పక్కింటి చింతచెట్టుకు చుట్టుకుంది. పోపుడబ్బాలో నీళ్ళు, బియ్యం డబ్బాలో నీళ్ళు. నేను దుకాణం మూసి సాయానికి వెళ్ళేసరికి అక్క వానలో తడుస్తూ నిలబడి ఉంది, కానీ ఏడవడంలేదు.

“బెంజమిన్, ఆ సిలిండర్ అందుకో,” అంది.

ఇద్దరం కలిసి సిలిండర్ను హాల్లోకి దొర్లించాం. ఆమె సవరయ్య బల్లమీది ఫైళ్ళన్నీ, ఎర్ర అట్ట పుస్తకంతో సహా ఎత్తి, ఒక సంచిలో కుక్కి, కప్పులేని వంటింట్లో ఒక మూలన, గమేళా బోర్లించి దాని కింద పెట్టింది. బల్లమీద గ్యాసు పొయ్యి పెట్టింది. బల్ల ఎత్తు వంటకు సరిగ్గా సరిపోయింది. గ్రిల్లుకు గరిటెలు వేలాడదీసింది. వసారాలో గుండ్రటి స్తంభాల మధ్య తాడుకట్టి తడిసిన మసిగుడ్డలు ఆరేసింది. ఎర్రబల్బు వెలుగులో పోపు వేస్తే, కొత్త సున్నంమీద తిరుహృదయ పటం పక్కనే పసుపురంగు మచ్చ పడింది. నాకు ఎందుకో ఆ మచ్చను చూసి ప్రాణం కుదుటపడింది.

సాయంత్రం సవరయ్య తడిసి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇదేంది?”

“రివైజ్డ్ ఎస్టిమేట్,” అంది అంతోనమ్మ అక్క, వెనక్కి తిరగకుండానే. “పద్నాలుగో ఐటం పూర్తయింది. కాళ్ళు కడుక్కో, అన్నం తిందువు.”

“నా బల్ల?”

“నీ ఐటం చివరికి పోయింది. నిధులు రానీ.”

తీయించెయ్యమని ఆయన రెండురోజులు కేకలేశాడు. కేకలు వేసినన్నిసార్లు ఆమె ఒక్కటే అడిగింది. ఎక్కడికి తియ్యాలో చూపించు, తీస్తాను. ఆయన వెనక్కి వెళ్ళి మొండిగోడలు చూసి, ముందుకు వచ్చి కూర్చునేవాడు.

శుక్రవారం ఫాదర్‌గారు వచ్చారు. మంత్రజలం చల్లుతూ హాల్లోకి రాగానే మరుగుతున్న పప్పు కనిపించింది. ఒక్క క్షణం ఆగి, పొయ్యి మీద కూడా నాలుగు చుక్కలు చల్లారు. చుయ్యిమంది. ఆఫీసువాళ్ళు నోటికి చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. సవరయ్య నేల బండల లెక్క చూస్తున్నవాడిలా తల దించుకున్నాడు.

అప్పుడు లాలి ముందుకు వచ్చింది. రామ్‌చందర్‌ను, ఆమెను భోజనానికి పిలిచింది అక్కే. లాలి కొంగుముడి విప్పి ఒక పాలిథిన్ సంచి తీసింది. అందులో నాలుగు మడతల కాగితం. నా దుకాణంలో తీసిన కాపీయే, చూడగానే గుర్తుపట్టాను. తనకు చదువు రాదు కాబట్టి నా చేతికిచ్చింది.

“చదువు తమ్మీ. గట్టిగ.”

చదివాను. “ముందు గదిలో వంట చేయుచున్నారు. ఇది ప్లానుకు విరుద్ధము. తుది బిల్లు...”

హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

“అమ్మ గూడ ముందటర్రల వండుతున్నది సార్,” అంది లాలి, మెల్లగానే. “మరి అమ్మ బిల్లు ఆపుతవా?”

సవరయ్య తలెత్తి, “ఆ పథకం ఎప్పుడో మూసేసిండ్రు లాలీ. ఇప్పుడు ఆ బిల్లు ఏ ఖాతాల రాయాలె?” అన్నాడు.

“పథకం మూసిండ్రు. నీ జేబు మూయలే కదా,” అంది అంతోనమ్మ అక్క. గరిటె పప్పులోనే ఉంది, చెయ్యి గరిటె మీద ఉంది. “అది ఇచ్చినంకనే వడ్డిస్త. ఫాదర్‌గారికి గూడ.”

ఫాదర్‌గారు గడియారం చూసుకుని, సవరయ్య వైపు చూశారు.

ఆయన లోపలికి వెళ్ళి మూడు వేల అయిదు వందలు తెచ్చాడు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి లాలి చేతిలో పెట్టి, రశీదు మీద వేలిముద్ర కావాలన్నాడు. ఆయన ముఖం కొంచెం వెలిగింది కూడా. అయిదేళ్ళ నాటి బిల్లు పైసా తేడా లేకుండా తీర్చాడు కదా, ఆయన అంచనా మళ్ళీ తప్పలేదు.

లాలి నోట్లు రామ్‌చందర్‌కు ఇచ్చింది. అతను లెక్కపెట్టలేదు. మేస్త్రీ కదా, వేరే లెక్క వేశాడు.

“అప్పుడు ఇచ్చుంటే ముప్పై ఒక్క బస్తా సిమెంటు వస్తుండె సార్. మా వంటింటికి కప్పు పడుతుండె. ఇప్పుడు పదహారే వస్తది. మిగిలిన పదిహేను బస్తాలు నీ పుస్తకంల ఏ పేజీల ఉన్నయి?”

సవరయ్య నిజంగానే పుస్తకం కోసం బల్ల వైపు చూశాడు. బల్లమీద పప్పు దించి, అంతోనమ్మ అక్క అన్నం వారుస్తోంది.